మనసు జబ్బును మనం ఏ కొలతతో కొలుస్తున్నాం?

బెంగళూరులో ఒక డిగ్రీ కళాశాలలో బీఏ విద్యార్థులకు నేను మనస్తత్వశాస్త్రం చెబుతాను. అబ్‌నార్మల్ సైకాలజీ పేపరు మొదలైన వారంలోనే ఒక మౌలికమైన ప్రశ్న ఎదురవుతుంది: ఒక మనిషి ప్రవర్తనను రుగ్మత అని ఎప్పుడు అనాలి? పాఠ్యపుస్తకాలు దీనికి సాధారణంగా నాలుగు కొలతలు చెబుతాయి. ఆ ప్రవర్తన చుట్టూ ఉన్న సమాజపు తీరుకు భిన్నంగా ఉందా, ఆ మనిషి లోలోపల బాధపడుతున్నాడా, రోజువారీ పనులు చేసుకోలేకపోతున్నాడా, తనకు గానీ ఇతరులకు గానీ ప్రమాదం తెచ్చేలా ఉన్నాడా అన్నవి ఆ నాలుగు. వీటిలో ఏ ఒక్కటీ విడిగా చాలదనీ, అన్నింటినీ కలిపి తూచాలనీ కూడా అవే పుస్తకాలు చెబుతాయి. తరగతి గదిలో ఇది అరగంట పాఠం. కానీ ఇదే పాఠాన్ని పట్టుకుని మన ఇళ్లలోకి, మన బంధువుల ఫోను సంభాషణల్లోకి వెళ్లి చూస్తే, మనం ఈ నాలుగింటిలో మొదటిదాన్నీ చివరిదాన్నీ మాత్రమే వాడుతున్నామని నాకు గట్టిగా అనిపిస్తుంది. నలుగురిలా లేనివాళ్లను అనుమానిస్తాం, చేయి ఎత్తినవాళ్లను ఆసుపత్రికి తీసుకెళ్తాం. మధ్యలో ఉన్న రెండింటినీ, అంటే బాధనూ, పని సాగకపోవడాన్నీ, జబ్బు లెక్కలోకే తీసుకోం. వాటిని బద్ధకం అనో, పొగరు అనో, ఫోను ఎక్కువ చూడటం అనో, ఏలినాటి శని అనో సర్దిపెట్టుకుంటాం. దీనివల్ల జబ్బు లేనివాళ్లు కొందరు నిష్కారణంగా నలుగుతున్నారు, జబ్బు ఉన్నవాళ్లు చాలామంది ఏళ్లతరబడి వైద్యానికి దూరంగా ఉండిపోతున్నారు.

ముందుగా ఆ మొదటి కొలత సంగతి చూద్దాం. నలుగురికీ భిన్నంగా ఉండటం జబ్బుకు గుర్తు అనాలంటే, ఆ నలుగురూ ఎవరన్నది తేలాలి కదా. ఆషాఢంలో సికింద్రాబాదు ఉజ్జయిని మహంకాళి గుడిలో, బోనాల మర్నాడు జరిగే రంగంలో, ఒక మహిళ పచ్చికుండ మీద నిలబడి అమ్మవారి మాటగా రాబోయే ఏడాది గురించి చెబుతుంది. మన ఆచారాలేవీ తెలియని వైద్యుడెవరికైనా ఆ కొద్ది నిమిషాలు మాత్రమే చూపిస్తే, గొంతు మారింది, తాను మరొకరినంటోంది అని అతను ఏదో ఒక రుగ్మత పేరు రాసుకునే అవకాశం ఉంది. కానీ ఆమె ఆ రోజున, ఆ గుడిలో, అందరి అంగీకారంతో ఆ స్థితిలోకి వెళ్లి, మళ్లీ తన ఇంటికీ తన పనికీ తిరిగి వస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారుచేసిన జబ్బుల వర్గీకరణ ఐసీడీ-11 ఈ విషయాన్ని స్పష్టంగా గుర్తించింది. పూనకం లాంటి స్థితి ఆ సమాజం ఒప్పుకున్న ఆచారంలో భాగంగా వస్తే దాన్ని రుగ్మత అనకూడదు. తన ప్రమేయం లేకుండా, అక్కర్లేని వేళల్లో పదే పదే వచ్చి, మనిషిని బాధపెట్టి, బతుకును కుంటుపరిస్తే మాత్రం అనాలి. బయటికి రెండూ ఒకేలా కనిపించవచ్చు. వాటిని విడదీసేది ఆ మనిషి పడే యాతన, కోల్పోయే జీవితం.

తేడాను మాత్రమే కొలతగా పెట్టుకున్నప్పుడు వైద్యశాస్త్రం కూడా ఘోరాలు చేసింది. 1851లో అమెరికాలో శామ్యూల్ కార్ట్‌రైట్ అనే వైద్యుడు, యజమానుల దగ్గరి నుంచి పారిపోయే నల్లజాతి బానిసలకు డ్రాపెటోమేనియా అనే మానసిక జబ్బు ఉందని ప్రకటించి, కొరడా దెబ్బలను కూడా దానికి విరుగుడుగా చెప్పాడు. సోవియట్ యూనియన్‌లో ప్రభుత్వాన్ని వ్యతిరేకించినవాళ్లకు నెమ్మదిగా ముదిరే రకం స్కిజోఫ్రీనియా అని పేరు పెట్టి పిచ్చాసుపత్రుల్లో బంధించారు. స్వలింగ ఆకర్షణను అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 1973 దాకా, ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990 దాకా జబ్బుల జాబితాలో ఉంచాయి. ఈ మూడింటిలోనూ ఆ మనుషుల మీద రుగ్మత ముద్ర పడటానికి కారణం వాళ్లు అధికారంలో ఉన్నవాళ్లకు నచ్చినట్టు లేకపోవడమే. మన దేశంలో 2018 మే 29 నుంచి అమల్లో ఉన్న మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 ఈ అనుభవాన్ని దృష్టిలో పెట్టుకునే, సమాజంలో చలామణీలో ఉన్న నైతిక, సామాజిక, సాంస్కృతిక, రాజకీయ విలువలకు గానీ మత విశ్వాసాలకు గానీ ఒదగకపోవడాన్ని ఆధారం చేసుకుని ఎవరికీ మానసిక జబ్బు అంటగట్టకూడదని మూడో సెక్షనులో రాసింది.

చట్టంలో ఉన్న ఆ మాట మన చుట్టాల దాకా చేరలేదు. నేను ఈ సబ్జెక్టు చెబుతానని తెలిసిన పిన్నులూ అత్తలూ నాకు చేసే ఫోన్లలో ఎక్కువ భాగం ఒకే బాపతు. ఒక పిన్ని తన కూతురి గురించి, “పెళ్లి వద్దంటోంది, ఒక్కదాన్నే ఉంటానంటోంది, ఎంతసేపూ ఆ పుస్తకాలూ ఆ కుక్కపిల్లా తప్ప మనుషులతో కలవదు, మీ బెంగళూరులో ఎవరైనా మంచి డాక్టరుంటే చూడమ్మా” అంది. నేను అడిగినవి చాలా మామూలు ప్రశ్నలు. నిద్ర పడుతోందా, తింటోందా, ఉద్యోగం సరిగ్గా చేసుకుంటోందా, చిన్నప్పటి స్నేహితులతో మాట్లాడుతోందా, చిన్నప్పటి నుంచీ ఇలాగే ఉందా లేక ఈ మధ్య మారిందా? అన్నింటికీ సమాధానం సవ్యంగానే వచ్చింది. “అయితే ఆ పిల్లకు డాక్టరుతో పని లేదు పిన్నీ” అంటే ఆమె నమ్మలేదు. పెళ్లి వద్దనుకోవడం ఒక నిర్ణయం. అది పిన్నికి కష్టంగా ఉంది, ఆ కష్టం నిజమే. కానీ కష్టపడుతున్నది పిన్ని, వైద్యానికి పంపుతున్నది కూతుర్ని.

ఇక చివరి కొలత, ప్రమాదం. ఈ విషయంలో మన ఆలస్యం ఎంత ఖరీదైనదో నేను దగ్గరగా చూశాను. హోసూరు రోడ్డులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్‌లో తెల్లవారకముందే ఓపీ దగ్గర చేరే జనంలో అనంతపురం, చిత్తూరు, కర్నూలు వైపు నుంచి రాత్రి బస్సుల్లో వచ్చినవాళ్లు ఎప్పుడూ ఉంటారు. చంకలో ఫైళ్ల సంచి, చేతిలో ఫ్లాస్కు, పక్కన తలవంచుకుని కూర్చున్న మనిషి. మదనపల్లె దగ్గరి నుంచి మా దూరపు బంధువులు తమ అబ్బాయిని తీసుకొస్తే నేను వెంట వెళ్లాను. “ఎందుకు తీసుకొచ్చారమ్మా?” అని డాక్టరు అడిగితే, “మొన్న వాళ్ల నాయన మీద చెయ్యెత్తినాడు సార్, అందుకే పిల్చుకొచ్చినాం. అంతకుముందు వాడికేం లేదు, బాగా చదివేటోడు” అని తల్లి చెప్పింది.

డాక్టరు అక్కడితో ఆపలేదు. తెలుగు, కన్నడం కలిసిన భాషలో ఒక్కొక్కటే వెనక్కి అడుగుతూ పోయాడు. కాలేజీకి పోవడం ఎప్పుడు మానేశాడు? స్నేహితులు ఇంటికి రావడం ఎప్పుడు ఆగింది? రాత్రిళ్లు నిద్రపోతాడా? ఇంట్లో అందరితో కలిసి తింటాడా? అప్పుడు గానీ అసలు కథ బయటపడలేదు. ఆ అబ్బాయి చాలాకాలంగా ఇంట్లో బిందె నీళ్లు తాగడం మానేశాడు. అంగడి నుంచి సీలు ఉన్న బాటిలు తెచ్చి, తన కళ్ల ముందు మూత తీస్తేనే తాగేవాడు. తల్లి తనకు పెట్టిన అన్నం పళ్లెం పక్కన పెట్టి, తండ్రికి పెట్టింది తీసుకునేవాడు. ఎవరో తనకు విషం కలుపుతున్నారన్న నమ్మకం ఆ పిల్లవాడి మనసులో ఎప్పుడో గట్టిపడింది. ఇంటివాళ్లు దాన్ని ‘శుభ్రం ఎక్కువైంది’ అనుకుని, ప్రతి వారం ఒక కేసు నీళ్ల బాటిళ్లు కొని పెడుతూ వచ్చారు. వాళ్లది ప్రేమ లేకపోవడం కాదు, కొడుకు కోరినట్టు నీళ్లు తెచ్చివ్వడం ప్రేమే. ఆ పిల్లవాడు ఎవరినీ కొట్టలేదు, వీధిలో అల్లరి చేయలేదు కాబట్టి వాళ్ల లెక్కలో అది జబ్బు కాలేదు. గాలి సోకిందేమోనని ఒకటి రెండు చోట్లకు తిప్పారు కూడా. అన్నాళ్లూ ఆ అబ్బాయి ఒక్కడే తన భయంతో తాను పోరాడుతూ, ప్రతి ముద్దనూ అనుమానిస్తూ బతికాడు.

భ్రమలు, లేని మాటలు వినిపించడం లాంటి లక్షణాలు మొదలైనప్పటి నుంచి వైద్యం అందేదాకా గడిచే కాలం ఎంత పెరిగితే, కోలుకోవడం అంత కష్టమవుతుందని సైకియాట్రీలో బాగా నిలిచిన అవగాహన ఉంది. చేయి ఎత్తేదాకా ఆగడం అంటే ఆ కాలాన్ని మనంతట మనమే పొడిగించడం. పైగా ఈ కొలతలో మరో పెద్ద పొరపాటు ఉంది. మానసిక జబ్బు ఉన్నవాళ్లలో అత్యధికులు ఎవరికీ హాని చేయరు. ఇతరుల చేతిలో దెబ్బలు తినేది, మోసపోయేది, కట్టివేయబడేది తరచూ వాళ్లే. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఎర్వాడిలో ఒక ఆశ్రమంలో మంటలు రేగినప్పుడు గొలుసులతో కట్టి ఉంచిన రోగులు కదలలేక 28 మంది సజీవంగా కాలిపోయారు. ఎవరి వల్ల ఎవరికి ప్రమాదం అన్న ప్రశ్న వచ్చినప్పుడల్లా నాకు ఆ గొలుసులు గుర్తుకొస్తాయి.

ప్రమాదం ఉన్నచోట కూడా అది ఎక్కువగా ఆ మనిషి తనకు తాను చేసుకునేదే. జాతీయ నేర రికార్డుల బ్యూరో లెక్కల ప్రకారం 2022లో మన దేశంలో 1,70,924 మంది ఆత్మహత్య చేసుకున్నారు. వాళ్లందరికీ మానసిక జబ్బు ఉందని నేను అనడం లేదు. అప్పులు, హింస, అవమానం, పరీక్షలు, పంట నష్టం, ఇవన్నీ అందులో ఉన్నాయి. కానీ ఎదుటివారి మీద పడితేనే ప్రమాదం అనుకునే కంటికి, మూలన కూర్చుని ఆశ వదిలేసుకుంటున్న మనిషి కనిపించడు. చావాలనిపిస్తోందా అని అడిగితే ఆ ఆలోచన కొత్తగా పుడుతుందన్న భయం మనలో చాలామందికి ఉంది. అది తప్పు. నెమ్మదిగా, నేరుగా అడగడం వల్ల ఆ మనిషికి మాట్లాడే దారి దొరుకుతుంది. చట్టం సైతం తన దృష్టిని మార్చుకుంది. ఆత్మహత్యకు ప్రయత్నించినవారు తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నారనే భావించి, శిక్షించకుండా ప్రభుత్వం సంరక్షణ ఇవ్వాలని 2017 చట్టంలోని 115వ సెక్షను చెబుతోంది.

ఇప్పుడు మనం వదిలేసిన ఆ మధ్య రెండింటి దగ్గరికి వస్తాను, ఎందుకంటే జబ్బులో అత్యధిక భాగం అక్కడే ఉంది. మారతహళ్లిలో ఒక పీజీలో ఉంటూ సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే మా ఊరి కుర్రాడు ఒకడు నన్ను కలిసినప్పుడు ప్లాస్టిక్ కవరు నిండా రిపోర్టులు తెచ్చాడు. ఈసీజీ, ఎకో, థైరాయిడ్, బీ12, డీ విటమిన్, కడుపు స్కానింగు. ఛాతీలో బరువు అని గుండె డాక్టరు దగ్గరికి, కడుపులో మంట అని గ్యాస్ డాక్టరు దగ్గరికి, తల దిమ్ముగా ఉందని నరాల డాక్టరు దగ్గరికి తిరిగాడు. “అన్నీ నార్మల్ అంటున్నారక్కా, మరి నాకెందుకు ఇట్లా ఉంటోంది?” అని అడిగాడు. అతను ఆఫీసుకు లాగిన్ అవుతున్నాడు, నెలనెలా ఇంటికి డబ్బు పంపుతున్నాడు, వీడియో కాల్‌లో అమ్మతో నవ్వుతూ మాట్లాడుతున్నాడు. పాఠ్యపుస్తకం చెప్పే మొదటి కొలతా చివరి కొలతా అతన్ని ఏమాత్రం పట్టుకోలేవు. మెల్లగా అడిగితే తెలిసిందేమిటంటే, తెల్లవారుజామున మెలకువ వచ్చేస్తోంది, మళ్లీ నిద్ర పట్టదు. ఒక మెయిలు రాయడానికి గంట పడుతోంది. ఐపీఎల్ మొదలైతే ఒక్క మ్యాచీ వదలనివాడు ఈ ఏడు స్కోరు కూడా చూడలేదు. ఆదివారాలు పీజీలో మంచం దిగడు. తాను ఎవరికీ పనికిరానివాడినన్న ఆలోచన రోజంతా వెంట తిరుగుతోంది.

డిప్రెషన్ నిర్ధారణకు అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ వారి మానసిక రుగ్మతల నిర్ధారణ పుస్తకం డీఎస్ఎం తొమ్మిది లక్షణాలు చెబుతుంది. దిగులు, దేనిమీదా ఆసక్తి లేకపోవడం, నిద్రలో, ఆకలిలో మార్పు, నీరసం, కదలికలు మందగించడం లేదా నిలకడ లేకపోవడం, ఏకాగ్రత తగ్గడం, తాను దేనికీ కొరగాననుకోవడం లేదా అకారణమైన అపరాధ భావం, చావు గురించిన ఆలోచనలు. వీటిలో కనీసం అయిదు, రెండు వారాల పాటు, దాదాపు ప్రతిరోజూ ఉండాలి. వాటిలో మొదటి రెండింటిలో ఒకటైనా తప్పనిసరిగా ఉండాలి. అన్నింటికీ మించి, ఈ లక్షణాల వల్ల ఆ మనిషికి చెప్పుకోదగ్గ బాధ గానీ, ఉద్యోగంలో, సంబంధాల్లో, ఇతర ముఖ్యమైన విషయాల్లో నష్టం గానీ కలగాలి. ఈ చివరి షరతు డీఎస్ఎంలో ఒక్క డిప్రెషన్‌కే పరిమితం కాదు. చాలా రుగ్మతల నిర్ధారణలో ఇదే మాట మళ్లీ మళ్లీ వస్తుంది. శాస్త్రం అంతగా పట్టించుకున్న బాధనూ నష్టాన్నీ మన ఇళ్లలో ‘అందరికీ ఉండేదే’ అని కొట్టిపారేయడం నన్ను నిజంగా కలవరపెడుతుంది.

మన దగ్గర మనసు బాధ శరీరం ద్వారా మాట్లాడుతుందన్నది కూడా ఇక్కడ చెప్పాలి. నరాల బలహీనత, గుండె దడ, అరికాళ్ల మంట, తల బరువు, గ్యాసు అని వచ్చేవాళ్లు అబద్ధం చెప్పడం లేదు. ఆ నొప్పి నిజంగానే ఉంటుంది. పానిక్ ఎటాక్ వచ్చిన మనిషికి కొద్ది నిమిషాల్లోనే గుండె పరుగెత్తి, చెమటలు పట్టి, ఊపిరాడక, ఇక చనిపోతున్నానన్న భయం తారాస్థాయికి చేరుతుంది. అతను గుండె ఆసుపత్రికి పరుగెత్తడం సరైన పనే, ముందు గుండెను చూపించుకోవాల్సిందే. చిక్కు ఆ తర్వాత వస్తుంది. రిపోర్టు బాగుందనగానే ‘నీకేం లేదు’ అని అందరూ అంటారు. ఏమీ లేదన్న ఆ మాటతో అతని దారి మూసుకుపోతుంది.

పని సాగకపోవడం అన్న కొలత ఎంత పదునైనదో చెప్పడానికి మా అపార్టుమెంటులోనే ఒక ఉదాహరణ ఉంది. నెల్లూరు నుంచి వచ్చిన ఒక కుటుంబంలో పెద్దావిడకు మడి ఎక్కువ అని అందరికీ తెలుసు. మడి మన ఇళ్లలో కొత్త కాదు. తడిబట్ట ఆరేసి, ముట్టుకోకుండా వండి, నైవేద్యం పెట్టాక ఆ నియమం అక్కడితో ముగుస్తుంది. ఆవిడది ముగిసేది కాదు. చేయి కడిగి కుళాయి కట్టగానే, కుళాయిని ముట్టుకున్నందుకు మళ్లీ చేయి కడగాలి, ముందుగా ఆ కుళాయిని కడగాలి, కడిగిన చెంబును కడగాలి. వేళ్ల మధ్య చర్మం పగిలి రక్తం వచ్చేది. పొద్దున మొదలుపెట్టిన వంట మధ్యాహ్నానికీ కాకపోతే కోడలు వేరే పొయ్యి మీద వండుకునేది. ఏళ్లుగా ఇది ఇలాగే సాగుతున్నా ఎవరూ జబ్బనుకోలేదు, భక్తి అనుకున్నారు, మొండితనం అనుకున్నారు. 2024 వేసవిలో బెంగళూరులో బోర్లు ఎండి, ట్యాంకర్లు దొరక్క, ప్రతి ఫ్లాటుకూ నీళ్లు కొలిచి వదిలినప్పుడు అసోసియేషన్ వాళ్లు వచ్చి తలుపు తట్టారు. అప్పుడు గానీ విషయం కుటుంబం దాటి బయటికి రాలేదు. ఆవిడను కూర్చోబెట్టి మాట్లాడితే, “నాకు మాత్రం ఇష్టమా అమ్మా, చేతులు మండిపోతుంటే ఏడుస్తూ కడుక్కుంటాను, కడక్కపోతే ఏదో అయిపోతుందని గుండె ఆగదు” అంది. అంతకాలంలో నీకెలా ఉందని ఆవిడను అడిగినవారే లేరు.

ఆవిడ చెప్పిన ఆ మాటలోనే ఓసీడీ అనే జబ్బు మొత్తం ఉంది. అక్కర్లేని ఆలోచన బలవంతంగా చొరబడుతుంది, అది పుట్టించే భయాన్ని తగ్గించుకోవడానికి ఒక పని మళ్లీ మళ్లీ చేయాల్సి వస్తుంది, అది అర్థం లేనిదని ఆ మనిషికి చాలాసార్లు తెలుస్తూనే ఉంటుంది. రోజుకు గంటకు మించి కాలాన్ని అది మింగేయడం, లేదా బాధనూ నష్టాన్నీ కలిగించడం డీఎస్ఎం పెట్టిన గుర్తు. భయపడే దాన్ని కొంచెం కొంచెంగా ఎదుర్కొంటూ, ఆ తర్వాత కడుక్కోకుండా ఆగగలగడాన్ని సాధన చేయించే చికిత్స ఉంది, మందులున్నాయి. నిమ్హాన్స్‌లో దీనికి ప్రత్యేకమైన క్లినిక్కే ఉంది. మడికీ ఈ జబ్బుకీ తేడా ఎంతసేపు కడిగారన్న దాంట్లో మాత్రమే లేదు. మడి కట్టుకున్న మనిషి మడి విప్పుకోగలదు.

నిమ్హాన్స్ 2015-16లో 12 రాష్ట్రాల్లో జరిపిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే నా వాదనకు ఒక ఆధారం ఇస్తుంది. వయోజనుల్లో 10.6 శాతం మందికి ఆ సమయానికి ఏదో ఒక మానసిక రుగ్మత ఉందని ఆ సర్వే తేల్చింది. తీవ్రమైన మానసిక రుగ్మతలున్నవాళ్లలో వైద్యం అందనివారు 73.6 శాతం ఉంటే, డిప్రెషన్, ఆందోళన వంటి సాధారణ రుగ్మతల్లో అది 85 శాతం. రెండూ సిగ్గుపడవలసిన అంకెలే. కానీ వాటి మధ్య ఉన్న అంతరాన్ని గమనించండి. బయటికి ఎక్కువగా కనిపించే జబ్బు కొంతైనా ఆసుపత్రికి చేరుతోంది, మౌనంగా ఉండే జబ్బు ఇంట్లోనే ఉండిపోతోంది. దీనికి డాక్టర్ల కొరత, ఖర్చు, దూరం వంటి కారణాలు కూడా ఉన్నాయని ఒప్పుకుంటాను, అయినా మనం వాడే కొలతకు ఇందులో పెద్ద పాత్ర ఉందనే నేను నమ్ముతాను. ఆ 12 రాష్ట్రాల్లో మన రెండు తెలుగు రాష్ట్రాలూ లేవు. మన పరిస్థితి ఇంతకంటే మెరుగ్గా ఉందని అనుకోవడానికి నా కళ్ల ముందు ఏ సాక్ష్యమూ లేదు.

ఇక్కడ నా విద్యార్థులు తప్పకుండా అడ్డుపడతారు, పడాలి కూడా. బాధను కొలతగా పెట్టుకుంటే ప్రతి బాధా జబ్బైపోదా? ప్రేమ విఫలమైనవాడికీ, పరీక్ష తప్పినవాడికీ మందులు రాసేస్తారా? ఈ భయం అర్థం లేనిది కాదు, సైకియాట్రీ లోపల కూడా దీనిమీద తీవ్రమైన చర్చ జరిగింది. ఆప్తులు పోయిన మొదటి రెండు నెలల్లో డిప్రెషన్ లక్షణాలు కనిపించినా సాధారణంగా డిప్రెషన్ అనకూడదన్న మినహాయింపు డీఎస్ఎం పాత సంచికలో ఉండేది. 2013లో వచ్చిన డీఎస్ఎం-5 దాన్ని తొలగించినప్పుడు దుఃఖాన్ని జబ్బుగా మారుస్తున్నారని చాలామంది నిపుణులే ఆక్షేపించారు. 2022లో వచ్చిన సవరణ సంచికలో, ఎడతెగని శోకాన్ని ఒక రుగ్మతగా చేర్చి, పెద్దవాళ్ల విషయంలో కనీసం 12 నెలలు గడిచాకే ఆ మాట అనాలని గడువు పెట్టారు. ఐసీడీ-11 ఆరు నెలలు చాలంటుంది గానీ, ఆ సమాజపు ఆచారం అనుమతించే దుఃఖాన్ని మించి ఉంటేనే అని షరతు పెట్టింది. మనవాళ్లు ఏడాది పాటు పండుగలు మానుకుని, మాసికాలు పెట్టి, సంవత్సరీకంతో మళ్లీ మామూలు జీవితంలోకి రావడానికి దారి తీస్తారు. శోకానికి ఒక వ్యవధి ఉంటుందనీ, ఆ వ్యవధిలో మనిషి ఏడవడం సహజమనీ మన ఇళ్లకు తెలియని విషయమేమీ కాదు.

కాబట్టి బాధ ఒక్కటే సరిపోదు. ఎంతకాలంగా ఉంది, ఏ సందర్భంలో వచ్చింది, సందర్భం పోయినా ఉందా, ఎన్ని పనులను ఆపింది అన్నవి కలిపి చూడాలి. గీత ఎక్కడ గీయాలన్నది మనుషులు కూర్చుని నిర్ణయించేదే, అంతమాత్రాన జబ్బు కల్పన అయిపోదు. రక్తపోటు విషయంలో మనకు ఈ సంగతి బాగానే తెలుసు. చాలాకాలం 140/90 దాటితే బీపీ అన్నారు, 2017లో అమెరికా హృద్రోగ నిపుణులు దాన్ని 130/80కి దించారు. గీత జరిగిందని పక్షవాతం అబద్ధం కాలేదు.

బాధ ఒక్కటే చాలదనడానికి దీనికి పూర్తిగా ఎదురు వైపు నుంచి కూడా ఒక కారణం ఉంది. బైపోలార్ రుగ్మతలో మేనియా దశలో ఉన్న మనిషి బాధపడడు, చెప్పలేనంత ఉత్సాహంగా ఉంటాడు. రెండు గంటల నిద్ర చాలంటాడు, ఒకేసారి మూడు వ్యాపారాలు మొదలుపెడతాడు, ఉన్న స్థలం అమ్మి అపరిచితులకు అప్పులిస్తాడు, మాటకు మాట అందనంత వేగంగా మాట్లాడతాడు. డీఎస్ఎం ప్రకారం ఈ స్థితి కనీసం వారం రోజులు ఉండాలి, ఆసుపత్రిలో చేర్చాల్సి వస్తే అంతకంటే తక్కువ కాలమైనా సరే. ‘మావాడికి ఇప్పటికి చురుకుదనం వచ్చింది’ అని ఇంట్లో సంతోషపడ్డ సందర్భాలు కూడా ఉన్నాయి. ఇక్కడ పనికొచ్చేది మరో రకమైన తేడా. పక్కింటివాళ్లతో తేడా కాదు, తన పాత స్వభావంతో తనకు వచ్చిన తేడా. అందుకే మంచి సైకియాట్రిస్ట్ జబ్బు గురించి అడిగాక, “అంతకుముందు ఈయన ఎలాంటి మనిషి?” అని తప్పకుండా అడుగుతాడు. మొదటి నుంచీ మితభాషి అయినవాడి మౌనం వేరు, ఊరంతటినీ నవ్వించేవాడి మౌనం వేరు. పెళ్లి వద్దన్న మా పిన్ని కూతురిని ఈ కొలతతో చూస్తే ఏ మార్పూ లేదు. మదనపల్లె అబ్బాయిని ఇదే కొలతతో చూసి ఉంటే, నీళ్ల బాటిళ్ల దగ్గరే దొరికిపోయేవాడు.

ఈ జబ్బులు ఎందుకొస్తాయన్న ప్రశ్నకు ఇక్కడ పెద్దగా చోటు ఇవ్వను. వంశపారంపర్యం, మెదడు పనితీరు, చిన్నతనపు అనుభవాలు, పేదరికం, హింస, ఒంటరితనం ఇవన్నీ ఒకదానితో ఒకటి ముడిపడి పనిచేస్తాయి. 1977లో అమెరికా వైద్యుడు జార్జ్ ఎంగెల్ ప్రతిపాదించిన జీవ, మానసిక, సామాజిక నమూనా నేటికీ బోధనకు ఆధారం. తల్లి పెంపకమే కారణమని ఒకరినే నిందించడం గానీ, అంతా మెదడులో రసాయనాల లోపమేనని ఒక్క మాటలో తేల్చేయడం గానీ శాస్త్రం ఒప్పుకోదు.

గుర్తించడానికి పెద్ద చదువు అక్కర్లేదన్నది ఇంతకంటే ముఖ్యం. 1980లలో నిమ్హాన్స్ వైద్యులు బళ్లారి జిల్లాలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల డాక్టర్లకూ సిబ్బందికీ శిక్షణ ఇచ్చి, ఊళ్లలోనే మానసిక జబ్బులను గుర్తించి మందులు అందేలా చేశారు. ఆ నమూనాతోనే 1996లో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం దేశంలో మొదలైంది. మానసిక వైద్యం ప్రత్యేకంగా చదవనివాళ్లు నేర్చుకోగలిగిన దాన్ని, ఒకే కప్పు కింద బతికే మనం నేర్చుకోలేమా? ఇంట్లో మనిషి మారాడనిపిస్తే, ఏం వింతగా చేశాడని కాకుండా, ఏం చేయడం మానేశాడని చూడండి. నిద్ర, తిండి, స్నానం, పని, ఇష్టమైన వ్యాపకం, స్నేహితులు, వీటిలో ఏది ఎప్పుడు ఆగిందో ఒక కాగితం మీద తేదీలతో రాసుకోండి. డాక్టరు ముందు కూర్చున్నప్పుడు నిన్న జరిగిన గొడవతో కాకుండా ఆ కాగితంలోని మొదటి తేదీతో మొదలుపెట్టండి. రోగి వినేలా చెప్పలేని మాటలుంటే డాక్టరును విడిగా అడిగి చెప్పవచ్చు. ఎక్కడికి వెళ్లాలో తెలియనప్పుడు, 2022 అక్టోబరు 10న మొదలైన ప్రభుత్వ ఫోను సేవ టెలి-మానస్ ఉంది. నిమ్హాన్స్ సారథ్యంలో నడిచే ఆ సేవకు 14416 నంబరుకు ఏ వేళలోనైనా, రూపాయి ఖర్చు లేకుండా ఫోను చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడవచ్చు. బాధపడుతున్న మనిషే చేయాలన్న నియమం లేదు, వాళ్ల తరఫున అమ్మ చేయవచ్చు, పీజీలో పక్క మంచం మీద పడుకునే స్నేహితుడూ చేయవచ్చు.